వంగపండు రంగు దారం

చాలా ఏళ్లుగా ఒక ఫొటోను మోస్తున్నాను. కాగితం మీద అచ్చయిన ఫొటోకు ఏం బరువుంటుందని మీరు అడగవచ్చు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. రోజులు గడిస్తే తేలికవుతుందనుకున్నాను. కాలేదు. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే ముందు ఆ ఫొటో కళ్ల ముందుకొస్తుంది, ఆ తర్వాతే మెచ్చుకోలు చెవిన పడుతుంది. మా పేటవాళ్లు దారిలో ఎదురై "మనోడు" అని భుజం తడితే, సాయంత్రం దాకా ఆ భుజం నాది కానట్టే ఉంటుంది.

పేరు చెప్పను. చెబితే మీలో కొందరు ఆ ఫొటో వెతుక్కోవడానికి వెళ్లిపోతారు, నా మాట సగంలో ఆగిపోతుంది. ముందు వినండి. విన్నాక ఏమనుకున్నా ఫరవాలేదు. క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. అడిగే హక్కు నాకు ఉందో లేదో కూడా తెలియదు. ఒక్కరికైనా మొత్తం చెప్పాలి, అంతే. ఇంట్లోవాళ్లకు చెప్పలేనిది ముఖం తెలియని మీకు చెప్పగలనేమో చూస్తాను.

నేను వన్యప్రాణుల ఫొటోలు తీస్తాను. గోడ మీద అందంగా ఉండేవి కాదు. అవి ఎందుకు తగ్గిపోతున్నాయో, ఎవరి వల్ల తగ్గిపోతున్నాయో చూపించే ఫొటోలు. గడ్డి మైదానాల్లో మిగిలిన తోడేళ్లు, కరెంటు తీగలకు తగిలి పడిపోయే పెద్ద పక్షులు, పూడిపోతున్న చెరువులు. ఈ పనికి ఇంగ్లీషులో గొప్ప పేరుంది. మా అమ్మ మాత్రం పోయేదాకా "పిట్టల ఫొటోలు" అనే అంది. దీని మీదే బతికాను. దేశమంతా తిరిగాను. బడిపిల్లలకు ఉపన్యాసాలిస్తాను. ఫొటో అబద్ధం చెప్పకూడదని ప్రతి ఉపన్యాసంలోనూ చెబుతాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు కొంచెం కూడా వణకదు. వణికితే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది.

పుట్టింది మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, జోడ్‌భావి పేటలో. కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన తాత మనవణ్ణి. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ బీడీలు చుట్టేది. నన్ను పెంచింది ఎక్కువగా మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. మా ఇంటిని ఆనుకుని ఆయన ఇల్లు, ఆ ఇంటి ముందు గదిలోనే ఆయన కార్ఖానా. కార్ఖానా అంటే పెద్ద షెడ్డు ఊహించుకోకండి. నాలుగు పవర్‌లూమ్‌లు, మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు, గాలిలో ఎప్పుడూ దూది. తువ్వాళ్లు, దుప్పట్లు నేసేవాళ్లు. బడి నుంచి వచ్చి నేను అక్కడే ఉండేవాణ్ణి. ఆ చప్పుడులోనే చదివాను, ఆ చప్పుడులోనే నిద్రపోయాను.

అక్కడ నేర్చుకున్న పని ఒకటుంది. మగ్గం మీద దారం తెగితే రెండు కొసలనూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి, ఒక కొసను బొటనవేలి చుట్టూ తిప్పి, లాగి ముడి వేస్తాం. మిగిలిన తోకల్ని పంటితో కొరికేస్తాం. గుడ్డలో కనిపించనంత చిన్న ముడి. లాగినకొద్దీ బిగుసుకుంటుంది. మా ఇళ్లలో పిల్లలకు ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, చూస్తూ చూస్తూ చేతికి వచ్చేస్తుంది. ఇప్పటికీ చెప్పుకు తాడు తెగినా, సంచికి పురికొస కట్టాల్సి వచ్చినా నా వేళ్లు ఆ ముడే వేస్తాయి. నన్ను అడగవు.

పెద్దయ్యాక మగ్గం మీద కూర్చోలేదు. అశోక్ చౌక్ దగ్గర ఒక స్టూడియోలో చేరి పెళ్లి ఫొటోలు తీశాను. ఆదివారం కొట్టు మూసేస్తే కెమెరా పట్టుకుని ఊరి బయట చెరువుకు పోయేవాణ్ణి. చలికాలంలో అక్కడికి దూరదేశాల పక్షులు వస్తాయి. బయలుదేరే ముందు కార్ఖానాలో ఆగితే, పెద్దబాపు మగ్గం కింది నుంచి వేస్ట్ దారం గుప్పెడు తీసి ఉండగా చుట్టి నా సంచిలో పెట్టేవాడు. కెమెరాకు దుమ్ము పడితే తుడుచుకోమని. మా దగ్గర నూనె మరకకైనా, చేతి మురికికైనా, దేనికైనా అదే తుడుపు గుడ్డ. ఆ రోజుల్లో ఆయన మగ్గాల మీద వంగపండు రంగు దారం నడుస్తోంది. ఎవరో హోటల్ వాళ్లు తమ దుప్పట్ల అంచుకు ప్రత్యేకంగా అద్దించి ఇచ్చిన రంగు. మా పేటలో ఇంకెవరి దగ్గరా లేదు.

ఇక్కడొక నిజం చెప్పాలి, ఎందుకంటే దీన్ని అడ్డం పెట్టుకునే నేను ఇన్నాళ్లు బతికాను. దారం వల్ల పక్షులకు నిజంగానే ప్రమాదం ఉంది. కార్ఖానాల చెత్త నాలాలో, అంటే మురుగుకాలువలో, పడుతుంది, నాలా చెరువులో కలుస్తుంది, దారాలు ఒడ్డున తుమ్మకంపలకు చుట్టుకుంటాయి. ఒకసారి కాళ్లకు దారం చుట్టుకున్న తెల్లకొంగ ఒకటి వంకరగా ఎగరడం కళ్లారా చూశాను. కెమెరా ఎత్తేలోపు పోయింది. వచ్చిన ఫొటోలో తెల్లటి మరక తప్ప ఏమీ లేదు. తీసుకెళ్లి పేపరాఫీసులో చూపిస్తే అక్కడాయన నవ్వి, మరకను అచ్చువేయలేమన్నాడు. ఆ నవ్వు నన్ను పట్టుకుంది. ఆ చలికాలమంతా ఒక్కటే యావ. దారం చుట్టుకున్న పక్షి కావాలి. దొరకాలి. అది పక్షుల కోసమా, నా కోసమా? రెండూ ఒకటే అనుకున్నాను. పక్షికి మేలు జరగడమూ నాకు పేరు రావడమూ ఒకే ఫొటోలో ఇమిడిపోతాయని నమ్మినవాడికి, ఆ ఫొటో కోసం తను ఏం చేస్తున్నాడో కనిపించడం మానేస్తుంది.

ఒక ఆదివారం పొద్దున చెరువు ఒడ్డున నారాయణ పక్షి కనిపించింది. బూడిద రంగు, పొడవాటి మెడ, నిలబడితే చిన్నపిల్లంత ఎత్తుండే కొంగ. తుమ్మకంప పక్కన పడి ఉంది. చనిపోయి ఉంది. ఏ జబ్బుతోనో పోయి ఉంటుంది. దాని ఒంటి మీద దారం లేదు. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. సంచి తెరిచాను. ఉండ విప్పి నాలుగైదు పేటలు కలిపి దాని కాలికి చుట్టాను, రెండో కొసను కొమ్మకు చుట్టాను, ముడి వేశాను. గాలికి ఒక రెక్క లేచింది. అప్పుడు తీశాను.

అబద్ధమా? జరుగుతున్నదే కదా చూపించాను, ఈ పక్షికి జరగలేదంతే, ఇంకో పక్షికి జరిగింది, నేను చూశాను. ఈ వాదన ఆ రోజు ఇంటికి వచ్చే దారిలోనే తయారైంది. ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా నా దగ్గరుంది.

ఫొటో కింద వాక్యం కూడా నేనే రాసిచ్చాను: మగ్గాల నూలు చుట్టుకుని ప్రాణం విడిచిన పక్షి. ముంబైలో ఒక పోటీలో దానికి బహుమతి వచ్చింది. మరాఠీ పేపర్లన్నీ వేశాయి. మర్నాటి నుంచి నన్ను అందరూ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు.

పెద్దబాపు పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చింది ఒక మధ్యాహ్నం. కరెంటు లేదు, పేటంతా నిశ్శబ్దంగా ఉంది. గడప మీద కూర్చున్నాడు. రెండో చేతిలో వంగపండు రంగు దారం చుట్టిన కండె ఉంది. దాన్ని ఫొటో పక్కన ఆనించి పెట్టాడు.

"అరే, ఇది మన దారమే గదా?"

వంగి చూసినట్టు నటించాను.

"ఈ రంగు ఇంకెవల్ కార్ఖానల నడుస్తలేదు. ముడి గూడ సూడు, మనోళ్ల ముడే. నాకైతె మనదే అనిపిస్తుంది. నువ్వు కండ్లార సూసినవ్. ఖరం చెప్పు."

ఖరం అంటే మరాఠీలో నిజం. మా ఇళ్లలో మామూలు మాటలన్నీ తెలుగులోనే నడుస్తాయి గానీ, ఒట్టు పెట్టించుకున్నట్టు అడగాలంటే ఆ మాటే వస్తుంది. ఆయన చూపుడు వేలు ఆ ముడి మీదే ఉంది. నా చేతి ముడి. ఆయన దాన్ని తన కార్ఖానాలో ఎప్పుడో తెగిన దారానికి వేసిన అతుకనుకున్నాడు. అలా కాక ఇంకోలా అనుకోవడం ఆయనకు చేతకాదు, నన్ను పెంచిన మనిషి కదా.

"అవ్ పెద్దబాపు," అన్నాను. "మనదే."

"అంటె నా దారంతోనే సచ్చిందా, బిచారి?"

ఇక్కడ ఆగి చెప్పి ఉండవచ్చు. ఇద్దరమే ఉన్నాం. తిట్టేవాడు, ఒక దెబ్బ వేసేవాడు, అక్కడితో అయిపోయేది. ఎందుకు చెప్పలేదు? భయమా? భయం కాదు. బహుమతి తెచ్చిన పేరు ఒంటి మీద కొత్త చొక్కాలా ఉంది, దాన్ని ఇంకొన్నాళ్లు వేసుకోవాలనిపించింది. అంత చిన్న కారణం.

"అట్లనే ఉంది," అన్నాను.

ఆయన కండెను జేబులో పెట్టుకున్నాడు. "కచర నేనే ఏసిన. నాలలకు పోతదని ఎర్కలేకుండె. చూక్ అయింది బిడ్డా. నువ్వు ఫొటో తీసినవ్ గాబట్టి తెల్సింది, లేకుంటె నాకెట్ల తెలుస్తుండె? నా పేరు గూడ పేపర్ల రానియ్యలే. నీ మనసు నాకెర్కే."

చెత్త వేసింది తనే, తప్పు తనదే అని ఒప్పుకుని, నా తల నిమిరి వెళ్లిపోయాడు.

తర్వాత సంగతులు త్వరగా జరిగిపోయాయి. ఆఫీసర్లు కార్ఖానాలకు వచ్చి చెత్త ఎక్కడ పోస్తున్నారని అడిగారు, కొందరికి నోటీసులు ఇచ్చారు. పేటలో గొణుగుడు మొదలైంది. ఎవడి దారమో వాడి వల్ల అందరికీ చెడ్డపేరు వచ్చిందన్నారు. దానికి తోడు, మా కులంవాళ్ల హాల్లో నాకు సత్కారం పెట్టుకున్నారు. మా ఊళ్లో ఎవరికైనా మంచి జరిగితే శాలువా, కొబ్బరికాయ తప్పనిసరి. ఆ సభలోనే పెద్దలు దారం సంగతి ఎత్తారు. పెద్దబాపు వెనక వరసలో నుంచి తనే లేచి ముందుకొచ్చాడు. ఎవరూ ఆయన పేరు అనలేదు. చేతులు జోడించి, "మాఫ్ చెయ్యుండ్రి. నా కార్ఖానా దారంతోని ఒక పాణం పోయింది, మీకందరికి తక్లీఫ్ అయింది," అన్నాడు. తర్వాత ఆయనే, శాలువా బదులు తను నేసిన దుప్పటి తెచ్చానని, అది నాకు తన చేత్తోనే కప్పుతానని అడిగాడు. కప్పాడు. జారిపోకుండా మెడ దగ్గర సర్దాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ వెంటనే నా చేతికి మైకు ఇచ్చారు. ఇది మాత్రం నేను మరిచిపోలేను. ఎవరో నా నోరు మూశారని, సందర్భం దొరకలేదని చెప్పుకోవడానికి లేదు. చేతిలో మైకుంది. ఎదురుగా ఊరంతా ఉంది. ఆ దుప్పటి కప్పుకుని నేను పక్షుల గురించి మాట్లాడాను. చాలా బాగా మాట్లాడానన్నారు.

పెద్దబాపు హోటల్ వాళ్ల ఆర్డరు వద్దనేశాడు. ఆ రంగు కంటితో చూడలేనన్నాడు. తర్వాత ఆయనకు చెత్త మీద పట్టింపు పెరిగింది. మగ్గం ఆపి ఆపి కింద పడిన ప్రతి పోగూ ఏరేవాడు, పనివాళ్లను ఏరమనేవాడు. పని నత్తనడక నడిచింది. పక్క కార్ఖానాలకు వెళ్లి మీరూ ఏరండని చెప్పేవాడు, వాళ్లకు ఒళ్లు మండేది. ఆయనకు ఇచ్చే పని ఇవ్వడం మానేశారు. ఒక మగ్గం ఆగింది, ఇంకోటి ఆగింది, చివరకు నాలుగూ పాత ఇనుముకు పోయాయి. ముందు గది ఎవరికో అద్దెకిచ్చి, కొన్నాళ్లకు ఇల్లే వదిలేసి, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో చిన్న ఇంటికి మారారు. ఎప్పుడో మానేసిన బీడీల చాట పెద్దమ్మ మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. పెద్దబాపు పరాయి కార్ఖానాలో తువ్వాళ్లు మడతపెట్టే పనికి కుదిరాడు. సొంత మగ్గాలున్న మనిషి. మా ఊళ్లో ఎన్నో కార్ఖానాలు మూతపడిన కాలమది, ఎలాగూ మూసేవాడేనని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే కావచ్చు. కానీ మిగతావాళ్లు నష్టం వచ్చి మూశారు. ఈయన తప్పు చేశానని మూశాడు. ఆ తేడా నాకు తెలుసు.

ఇంత చేసినవాణ్ణి ఇక్కడితో ఆగలేదు. పెద్దబాపు రోజూ తెల్లారగట్ల గోనెసంచి పట్టుకుని నాలా గట్టున నడిచేవాడు. కంపలకు చిక్కిన దారాలను ముల్లు ముల్లుకూ విడదీసి, ఉండ చుట్టి సంచిలో వేసుకునేవాడు. పిల్లలు "పిట్టల తాత" అని వెంటపడేవాళ్లు. ఆయన నవ్వేవాడు. నేను కెమెరాతో వెళ్లాను. వెళ్లడమేమిటి, రెండు చలికాలాలు ఆయన వెంటే తిరిగాను. రక్తం చిమ్మిన వేళ్లు, పొగమంచులో వంగిన వీపు, ఎండలో ఆరబెట్టిన దారపు ఉండలు, అన్నీ తీశాను. ఒక నేతగాడి ప్రాయశ్చిత్తమని వాటికి పేరు పెట్టాను. ఢిల్లీలో ప్రదర్శన పెడితే చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పెద్ద పనులు రావడం మొదలైంది ఆ తర్వాతే. మొదటి ఫొటో నాకు పేరు తెచ్చింది, బువ్వ పెట్టింది మాత్రం ఈ ఫొటోలు. ఫొటో తీస్తున్నప్పుడు నేను ఏడ్చిన రోజులున్నాయి. ఏడుస్తూనే వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూసుకున్నాను. అలాంటి మనిషిని ఏమనాలి? మీకు ఏదైనా మాట తడితే అది అనుకోండి, నేనేమీ అనుకోను.

ఇంతవరకు రాసి రెండు రోజులు ఆపేశాను. ఎందుకో చెబుతాను. పైన ఒకచోట, ఆ పక్షి చనిపోయి ఉందని రాశాను. మీకు మొత్తం చెబుతానని మాటిచ్చి, అక్కడే పాత అలవాటు ప్రకారం తప్పించుకున్నాను. ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నది కూడా అదే గనక, రాసేటప్పుడు చెయ్యి తడబడలేదు.

అది చనిపోలేదు.

నీరసించి ఉంది. మెడ మడిచి, కంప పక్కన ఒరిగి కూర్చుంది. నేను దగ్గరికి వెళ్తే లేవలేదు గానీ నా వైపు చూసింది. పసుపు కన్ను. దాన్ని సంచిలో పెట్టుకుని తెలిసిన పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవచ్చు, సైకిలుంది. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెప్పను. వచ్చాక కూడా సంచిలో నుంచి దారం తీశాను. కాలికి చుట్టి ముడివేస్తుంటే అది బెదిరింది. నేను వెనక్కి జరగ్గానే ఉన్న బలమంతా తెచ్చుకుని లేచింది, రెక్కలు విప్పింది, దారం లాగింది, పక్కకు పడింది. అదే ఫొటో. గాలి లేదు ఆ పొద్దున.

తీయడం అయ్యాక విప్పబోయాను. దేవుడి మీద ప్రమాణం, విప్పబోయాను. కానీ అది గింజుకున్నకొద్దీ ముడి బిగుసుకుంది. మా ముడి చేసే పనే అది. గోళ్లకు అందలేదు. పంటితో కొరకాలంటే ఆ పొడవాటి ముక్కు దగ్గరికి ముఖం పెట్టాలి. పెట్టలేకపోయాను. రోడ్డు మీద టీ బండి ఉంది, బ్లేడు తెస్తానని వెళ్లాను. బ్లేడు కోసమే వెళ్లాను. అక్కడ నిలబడి కెమెరాలో ఫొటో వచ్చిందో లేదో చూసుకున్నాను. వచ్చింది. అలాంటిది జన్మలో తీయలేదు. పొంగిపోయాను. టీ తాగాను. బ్లేడు తీసుకుని తిరిగి వెళ్లేసరికి తల కిందికి వేలాడేసి ఉంది.

ఎలాగూ చచ్చేదే. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. ఒక్కసారి కూడా నమ్మలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నాను? ఒక సంస్థ నా ఫొటోలన్నీ కలిపి పుస్తకం వేస్తానంటోంది. అట్ట మీద ఆ పక్షే ఉండాలట. లోపల, ఆ ఫొటో ఎలా తీశానో నా మాటల్లో రాసిమ్మన్నారు. కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు. అదే వారంలో పెద్దమ్మ ఫోను చేసింది. పెద్దబాపుకు ఊపిరి సరిగ్గా ఆడడం లేదు, జన్మంతా పీల్చిన దూది లోపల పేరుకుపోయిందన్నారట డాక్టర్లు. మంచం దిగలేడు. అయినా తెల్లారగానే గోనెసంచి అడుగుతున్నాడు, నాలా దగ్గరికి ఎవరినైనా పంపమంటున్నాడు. ఇవాళ ఏరకపోతే ఇంకొక ప్రాణం పోతుందని ఏడుస్తున్నాడు. చావుకు భయపడడం లేదు, ఆ పక్షికి భయపడుతున్నాడని పెద్దమ్మ అంది.

వెళ్లాను. విడీ ఘర్కుల్‌లో వాళ్ల ఇంటి గుమ్మంలో పెద్దమ్మ చాట ముందు పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. పెద్దబాపు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే ముఖం వెలిగింది. ఇంకాస్త ఆలస్యం చేస్తే మళ్లీ చెప్పలేనని తెలుసు. కుశలం కూడా అడగకుండా మంచం పక్కన కింద కూర్చుని చెప్పేశాను. దారం కచరలోది కాదని. కెమెరా తుడుచుకోమని ఆయన ఇచ్చిందేనని. ముడి నేను వేసిందని. "నీ చూక్ కాదు పెద్దబాపు. నేనే కట్టిన."

గుమ్మం దగ్గర కత్తెర ఆగిపోయింది. పెద్దబాపు దిండు మీద నుంచి ముందుకు వంగాడు. ఆయన ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. తిడతాడని చూశాను. తిట్టాలని కోరుకున్నాను. ఆయన అడిగింది వేరే.

"నువ్వు కట్టెటప్పుడు దానికి పాణం ఉండెనా?"

ఆయన కళ్లు నా కళ్లల్లోనే ఉన్నాయి. ఆ జవాబులో ఆయనకు ఎంత కావాలో కనిపిస్తూనే ఉంది. తన కోసం కాదు. నా కోసం. తను పెంచినవాడు ఎలాంటివాడో తెలుసుకుని పోవాలని అడుగుతున్నాడు.

"లేకుండె," అన్నాను. "అప్పటికే సచ్చిపోయుండె."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నా చేతిని వెతుక్కుని పట్టుకున్నాడు. "అట్లయితె సరే," అన్నాడు. "మనిద్దరి చేతులల్ల ఏం లేదు బిడ్డా. సచ్చినదానికి దారం గడ్తె ఏం పాపం?" మగ్గాల సంగతి ఎత్తలేదు. సభ సంగతి ఎత్తలేదు. ముళ్లల్లో ఏరిన ఏళ్ల సంగతి ఎత్తలేదు. కాసేపటికి నిద్రపోయాడు. పెద్దమ్మ లోపలికి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. ఒక్క కప్పే. ఆయన మంచం పక్కన స్టూలు మీద పెట్టి మూతపెట్టింది. నా వైపు చూడలేదు. ఆమె చేసింది న్యాయం.

ఆ మర్నాటి నుంచి ఆయన గోనెసంచి అడగడం లేదట. రాత్రి నిద్ర పడుతోందట. ఆ మాత్రం మంచి జరిగింది, కాదనను. ఆయనను ఇంకోసారి మోసం చేశానా, లేక ఆ ఒక్క అబద్ధం ఆయనకు ఇవ్వవలసిందేనా? ఎటు తిప్పి చూసినా తేలడం లేదు. ఒక సంగతి మాత్రం తెలుసు. ఆ అబద్ధం ఆయన కోసం చెప్పానని అనుకోవడం నాకు బాగుంటుంది. నాకు బాగుండే కారణాలను నేనిక నమ్మను.

పుస్తకం వాళ్లకు ఆ ఫొటో వద్దని చెప్పాను. ఆయన వెంట తిరిగి తీసినవి కూడా వద్దన్నాను. అవి తీసేస్తే ఇంకేం మిగులుతుందని అడిగారు.

పెద్దబాపు నన్ను క్షమించాడు. చచ్చిన పక్షికి దారం కట్టిన మనిషిని క్షమించాడు. అలాంటి మనిషి ఎవరూ లేడు. ఆ క్షమాపణ నాది కాదు, దాన్ని తీసుకోలేను. ఉన్నది నేను, నా సంగతి ఇప్పుడు మీకు తెలుసు. నేను ముడి వేస్తున్నప్పుడు దాని కాలు వెచ్చగా ఉంది. ఈ మాట ఇంతవరకు నోటితో అనలేదు, కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు పెట్టాను.